గంజి పెట్టిన పోగు

మొన్న ఆదివారం పొద్దున కాఫీ తాగి పేపరు విప్పుతుంటే ఫోను మోగింది. ఎవరా అని చూస్తే, నలభై ఏళ్ళ కిందట యూనివర్సిటీ ఫిజిక్సు ల్యాబులో నా తర్వాత చేరిన జూనియరు. ఇప్పుడు ఆయన ప్రొఫెసరుగా రిటైరై హైదరాబాదులో ఉంటున్నాడు. మా ఇద్దరికీ పిహెచ్‌డి గైడుగా ఉన్న పెద్దాయనకు ఎనభై అయిదు నిండుతున్నాయట, శిష్యులందరూ కలిసి అభినందన సంచిక వేస్తున్నారట. "మీరూ ఒక పేజీ రాయండి సార్, ఏదైనా తీపి జ్ఞాపకం" అని అడిగాడు. తీపి అట తీపి! నోటిదాకా వచ్చిన మాటను మింగి, సరేనని, మధ్యాహ్నానికల్లా నాలుగు వాక్యాలు రాసి పంపేశాను. గురువుగారు క్రమశిక్షణకు మారుపేరని, వారి దగ్గర నేర్చుకున్నది చచ్చేదాకా మరిచిపోలేనని రాశాను. ఆ రెండో ముక్క మాత్రం అక్షరాలా నిజం. సంచికలో పట్టని మిగతా సంగతి ఇక్కడ రాస్తున్నాను. నా ఈడువాళ్ళు, అందులోనూ ఒక గైడు చేతికింద నలిగినవాళ్ళు చదివితే అర్థం చేసుకుంటారన్న ఆశతో.

నేను పుట్టింది చీరాలలో, మగ్గం గుంట ఉన్న ఇంట్లో. నాన్న నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది, నేను ఎమ్మెస్సీ ఫిజిక్సు ఫస్టుక్లాసులో పాసై ఎనభైల మొదట్లో పిహెచ్‌డికి చేరాను. మా వీధిలో అంతదాకా చదివినవాడు నాకు ముందు లేడు, ఆ గొప్ప నాకంటే నాన్నకే ఎక్కువ. నేను చేసేది స్ఫటికాలు పెంచడం అని, అంటే నీళ్ళలో ఒక ఉప్పును కరిగించి దాంట్లోంచి అద్దంలాంటి పలకలను మెల్లగా పుట్టించడం అని చెబితే ఆయన పకపకా నవ్వి, "ఉప్పు చేయడానికి యూనివర్సిటీ దేనికిరా, చినగంజాం కొటార్లకు పోతే సరిపోదూ?" అన్నాడు. నవ్వాడు గానీ, ఆ సాయంత్రమే వీధి చివర కిళ్ళీకొట్టు దగ్గర నిలబడి, మావాడు అద్దాలు పండిస్తాడని పదిమందికీ చెప్పొచ్చాడట.

మా పని పైకి చూడటానికి ఏమీ ఉండేది కాదు. ఒక నీళ్ళతొట్టి, తొట్టిలో గాజుపాత్ర, పాత్రలో ఉప్పు ద్రావణం, దాంట్లోకి దారంతో వేలాడదీసిన ఆవగింజంత విత్తనపు స్ఫటికం. తొట్టి వేడిని రోజుకు డిగ్రీలో పదోవంతు చొప్పున తగ్గిస్తూ పోవాలి. అలా నలభై రోజులు తగ్గిస్తే, దేవుడు చల్లగా చూస్తే, ఒక పలక చేతికొస్తుంది. నడుమ కరెంటు పోయిందా, అంతే సంగతులు, నలభై రోజులూ ఆ తొట్టిలోనే పోతాయి. ఆ రోజుల్లో మన వైపు కరెంటు ఎలా ఉండేదో మీకు నేను చెప్పాలా! గుంటూరు పక్కన నల్లపాడులో గది అద్దెకు తీసుకుని రెండు బస్సులు మారి ల్యాబుకు వెళ్ళేవాణ్ణి, దారిలో ఏ హోటల్లోనైనా ఫ్యాన్లు తిరగడం లేదంటే నాకు గుండెలు జారిపోయేవి. మొదటి రెండేళ్ళలో నేను పెంచినవన్నీ మసకబారిన పుల్లలే. ఒక్కటీ చూపించడానికి పనికిరాలేదు.

ఇక్కడే దారం సంగతి చెప్పాలి. అందరూ నైలాన్ దారం వాడేవారు, అది నున్నగా జారిపోయి విత్తనం ముడిలో నిలిచేది కాదు. మామూలు నూలు దారం కడితే కొసలు విడిపోయి, ఆ పీచుల మీద కూడా ఉప్పు పేరుకునేది. ఒకసారి ఇంటికి వెళ్ళినప్పుడు నాన్న గుడ్డ కోసి మగ్గం మీంచి దించుతుంటే, మిగిలిన పడుగు కొసలు చూశాను. సన్నగా, బిరుసుగా, పీచు లేవకుండా ఎంత చక్కగా ఉన్నాయో! అడగ్గానే నాన్న ఒక పిడికెడు పోగులు కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఏ దారమైనా ముందు ఉడకబెట్టి కడిగి వాడాలని పుస్తకాల్లో ఉంది, ఆ సంగతి నాకు తెలియకపోలేదు. కానీ పుట్టినప్పటినుంచీ చూస్తున్న పోగు, నాన్న చేతిమీదుగా వచ్చిన పోగు, దాంట్లో మలినమేమిటి అన్న ధీమా నాది. ఇంకో ఇంట్లో పుట్టినవాడైతే కడిగాకే వాడేవాడు. నేను అలాగే కట్టేశాను.

మూడో ఏడు ఎండాకాలంలో, ఆ పోగుకు వేలాడిన పలక బొటనవేలంత పెరిగింది, ఎక్కడా మబ్బన్నది లేకుండా. గైడుగారు దాన్ని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, "సాధించావయ్యా!" అన్నారు. ఆయన నోట ఆ మాట నేను విన్నది అదొక్కసారే. అప్పటికి ఆరునెలలుగా ఆయనొక కొత్త చల్లార్చే పద్ధతి చేయిస్తున్నారు, వేడిని సమానంగా కాకుండా మెట్లుమెట్లుగా తగ్గించడం. ఇంకేముంది, ఆ పద్ధతి వల్లే పలకలు తేటగా వస్తున్నాయని ఆయన తేల్చేశారు, నేనూ నమ్మాను. వరసగా నాలుగు పలకలు అలాగే వచ్చాయి. విదేశీ పత్రికలో పేపరు అచ్చయింది, ఆయన పేరు ముందు, నా పేరు వెనక. ఆ పత్రిక చీరాల పట్టుకెళ్ళి చూపిస్తే నాన్న చేతులు పంచెకు తుడుచుకుని, నా పేరున్న చోట వేలు పెట్టి చూశాడు. ఇంగ్లీషు రాని మనిషి, ఆ పేరు మాత్రం గుర్తుపట్టాడు.

ఆయన దగ్గర స్కాలరుగా ఉండటమంటే ల్యాబు పని ఒక్కటే కాదని నా తోటివాళ్ళకు తెలుసు. ఏటా మిరపకాయల కాలం వచ్చిందంటే గైడుగారింటికి ఏడాది కారం బాధ్యత మాదే. ఎర్రటి ఎండలో గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళి, ఆ ఘాటుకు ముక్కులు కారుతూ, కళ్ళు మండుతూ, తొడిమలు పచ్చగా ఉన్నవి కాకుండా ఎండినవి ఏరి తెచ్చి, మిల్లులో కొట్టించి ఇంటికి చేర్చాలి. నేను నేతవాళ్ళ ఇంటివాణ్ణి కాబట్టి మా నాన్న నేసిన చీర ఒకటి అమ్మగారికి అదనం. ఇవన్నీ అప్పుడు నాకు కష్టంగా తోచలేదు సుమండీ! గురువుగారి ఇంట్లో మనిషినైపోయానని మురిసిపోయాను. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అనలేదు.

నాలుగో ఏడు నాన్న ఇచ్చిన పోగులు అయిపోయాయి. పోతే పోయాయిలే, దారానికేం భాగ్యం అని కొట్లో సన్నటి పట్టుదారం కొని వాడాను. పలకలు మళ్ళీ మసకబారాయి. ఉప్పు మార్చాను, నీళ్ళు మార్చాను, తొట్టి మార్చాను, మెట్లుమెట్లుగా చల్లార్చే ఆ పద్ధతిని పూజలాగా చేశాను, ఊహూ! ఎనిమిది నెలలు పోయాయి. ఫెలోషిప్పు గడువు దగ్గరపడుతోంది. మనసు బాగాలేక ఇంటికి వెళ్తే, పొద్దున్నే వీధి పొడవునా పడుగు చాచి నాన్న గంజి పెడుతున్నాడు. ఊరికే కూర్చోలేక నేనూ ఒక కొస పట్టుకున్నాను. పని అయ్యాక చేతులు బకెట్టులో ముంచితే నీళ్ళు తెల్లగా మసకేశాయి. అలాగే చేతులు నీళ్ళలో పెట్టి ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు. అమ్మ వచ్చి "ఏంట్రా, చేతులకేమైంది?" అని అడిగింది.

మళ్ళీ పోగులు తీసుకుని పరుగున ల్యాబుకు వచ్చి మూడు పాత్రలు పెట్టాను. ఒకదాంట్లో గంజి పోగు, ఒకదాంట్లో అదే పోగు ఉడకబెట్టి కడిగింది, మూడోదాంట్లో నైలాన్ దారమే గానీ ద్రావణంలో ఒక చుక్క బియ్యపు గంజి. గంజి ఉన్న రెండూ తేటగా వచ్చాయి, కడిగిన పోగుది మసకబారింది. చల్లార్చే పద్ధతి మూడింటికీ ఒకటే. నాలుగేళ్ళ చదువులో నేను నిజంగా కనిపెట్టింది ఏదైనా ఉంటే అది ఇదే. ఉప్పు నీళ్ళలో కలిసిన రవ్వంత గంజి, స్ఫటికం అడ్డదిడ్డంగా పెరగకుండా ఆపుతోంది! ఆ రోజు నాకు కలిగిన సంతోషం తర్వాత పెళ్ళినాడూ కలగలేదు, బిడ్డ పుట్టిననాడూ కలగలేదు, ఈ మాట మా ఆవిడ చదివినా సరే.

గైడుగారు అంతా విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ మొట్టమొదట అడిగిన ప్రశ్న, "ఈ సంగతి ఇంకెవరితోనైనా అన్నావా?" అని. లేదన్నాను. అప్పుడు నెమ్మదిగా చెప్పారు, పేపరులో చల్లార్చే పద్ధతి అని రాశామనీ, అది అచ్చయిపోయిందనీ, ప్రొఫెసరు పోస్టుకు ఇంటర్వ్యూ మూడు నెలల్లో ఉందనీ, ఆ పేపరు బలంతోనే తాను దానికి వెళ్తున్నాననీ. "ఇప్పుడు నువ్వొచ్చి గంజి అంటే నలుగురూ నవ్వుతారయ్యా. థీసిస్‌లో ఆ మాట రానీయకు, వచ్చే నెల సంతకం పెడతాను" అన్నారు. ఒక్క సంతకం! అది పడితే నేను డాక్టరును, పడకపోతే మగ్గం ఇంట్లోంచి వచ్చి నాలుగేళ్ళు ఉప్పునీళ్ళు కాచినవాణ్ణి. నాకు ఇరవై ఏడేళ్ళు, ఉడుకు రక్తం, సైన్సంటే సత్యమని ఎమ్మెస్సీలో చదివిన మాట ఇంకా అరగలేదు. తప్పు చేసింది నేనే, దాన్ని ఒప్పుకుని రాస్తాను సార్ అన్నాను. గంజి మీద ఒక అధ్యాయం రాసి థీసిస్ మొత్తం ఆయన చేతిలో పెట్టాను. ఆయన చదవకుండానే బీరువాలో పెట్టి తాళం వేశారు.

పద్నాలుగు నెలలు ఆ తాళం తీయలేదు. వెళ్ళినప్పుడల్లా చూస్తున్నానయ్యా, తొందరేముంది అనేవారు. ఆయన ప్రొఫెసరయ్యారు, పూలదండలు నేనే తెచ్చాను. ఫెలోషిప్పు ఆగిపోయింది. సత్తెనపల్లిలో జూనియర్ కాలేజీ లెక్చరరు ఉద్యోగం వస్తే చేరిపోయాను. ఇంట్లో అమ్మ, ఎందుకురా పెద్దవాళ్ళతో పంతం, ఆయన ఎలా చెబితే అలా రాసెయ్యమని ఏడ్చింది. చివరికి నేనూ మెత్తబడ్డాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది, కానీ రాయకపోతే నేనేదో సత్యహరిశ్చంద్రుణ్ణని మీరు అనుకుంటారు. గంజి అధ్యాయం తీసేసి, మొత్తం మళ్ళీ టైపు చేయించి, పట్టుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన పేజీలు తిప్పి చూసి, "నిజం కోసం పోట్లాడినవాడివి, ఇప్పుడు అబద్ధం రాసి తెస్తే నేనెలా సంతకం పెట్టనయ్యా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆ కాగితాల కట్ట తీసుకుని సత్తెనపల్లి బస్సెక్కాను. ఆ తర్వాత కొన్నాళ్ళకు రిజిస్ట్రేషను గడువు తీరిపోయిందని యూనివర్సిటీ నుంచి కాగితం వచ్చింది.

ఆ కాగితం వచ్చిన వారం చీరాల వెళ్ళాను. నాన్న మగ్గం మీద కూర్చునే, పట్టా ఎప్పుడొస్తుందిరా అని మామూలుగా అడిగాడు. ఆయన అడగడం మామూలే, నా కడుపులోని మంటే మామూలుది కాదు. "ఇంకెక్కడి పట్టా? నీ గంజి పోగు పుణ్యమా అని అంతా గంగలో కలిసింది" అని అరిచాను. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, గైడు ముందు నోరెత్తనివాణ్ణి నాన్న మీద లేచాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి, "అవేం మాటలురా?" అంది. నాన్న ఆడుతున్న మగ్గం ఆపి, గుంటలోంచి లేచి, బయటికి వెళ్ళిపోయాడు.

మరో మూడేళ్ళకు జూనియరు వైవా అని తెలిసింది. థీసిస్ పేరు మళ్ళీ మళ్ళీ చదివాను: నీటిలో పెరిగే స్ఫటికాల మీద పిండి పదార్థాల ప్రభావం. నా నోటుపుస్తకాలు ల్యాబులోనే వదిలి వచ్చాను మరి. ఆ కుర్రాడి తప్పేమీ లేదు, గైడు చేతిలో పెట్టింది చేశాడు. ప్రొఫెసరయ్యాక గంజిని చూసి ఇక ఎవరూ నవ్వరు కదా! నేను సెలవు పెట్టి వెళ్ళాను. అందరి ముందూ లేచి అడిగేస్తానని బస్సులో దారిపొడవునా మాటలు కూర్చుకున్నాను. మద్రాసు నుంచి వచ్చిన పరీక్షకుడు, ఈ ఆలోచన ఎలా వచ్చింది, చాలా బాగుందే అని అడిగితే, కుర్రాడు తడబడ్డాడు, గైడుగారే అందుకుని, "మా ఆవిడ నా చొక్కాలకు గంజి పెడుతుంటే తట్టిందండీ" అన్నారు. హాలంతా నవ్వింది. సభలో ఎవరైనా ప్రశ్న అడగవచ్చని అన్నప్పుడు ఆయన చూపు తిన్నగా నా మీదికే వచ్చింది. నేను లేచాను. లేచి, "చల్లార్చే వేగం ఎంత ఉంచారండీ?" అని అడిగాను. కుర్రాడు చెప్పాడు, థాంక్స్ అని కూర్చున్నాను, అందరితోపాటు చప్పట్లు కొట్టాను. తర్వాత పెట్టిన జాంగ్రీ కూడా తిన్నాను. అంతకంటే పిరికిపని నా జన్మలో ఇంకోటి చేయలేదని చాలా ఏళ్ళు అనుకున్నాను. అది తప్పు. చేశాను.

అది జరిగిన రెండు నెలలకేమో, మధ్యాహ్నం మూడో పీరియడు అయ్యాక స్టాఫ్‌రూముకు వస్తే గుమ్మం పక్కన నాన్న నిలబడి ఉన్నాడు. చీరాల నుంచి గుంటూరు, గుంటూరు నుంచి సత్తెనపల్లి, బస్సులు మారి, దారిలో పత్తి లోడు ట్రాక్టర్లు అడ్డుపడి, ఆ ఎండలో వచ్చాడు. చెప్పులు బయటే విడిచాడు గానీ, లోపలికి రమ్మన్నా రాలేదు. సంచిలోంచి తెల్లటి గుడ్డలో చుట్టిన నూలు పోగుల చిలప తీసి నా చేతిలో పెట్టాడు. "ఏడుసార్లు ఉడకబెట్టి ఏడు నీళ్ళలో జాడించాను నాయనా. గంజి అన్నది లేకుండా తీశాను. తెలియక అప్పుడు చెడగొట్టాను, దీంతో మళ్ళీ మొదలుపెట్టు" అన్నాడు. ఆ పోగులు ఎంత మెత్తగా ఉన్నాయంటే, ముట్టుకుంటే చేతికి తెలియడం లేదు.

నేనేం చెప్పాలో మీకు తెలుసు. నీ గంజి ఏమీ చెడగొట్టలేదు నాన్నా, అదే అసలైనది, నేను కనిపెట్టిన ఒకే ఒక్క మంచి సంగతి నీ చేతి గంజిలోంచే వచ్చింది అని చెప్పాలి. కానీ అలా చెబితే, మరి నీకెందుకు రాలేదురా పట్టా అని ఆయన అడుగుతాడు. అడిగితే బీరువా సంగతి, అధ్యాయం తీసేసిన సంగతి, జాంగ్రీ తిన్న సంగతి చెప్పాలి. కొడుకు అంత చేతకానివాడని ఆయనకు తెలియడం నాకు ఇష్టం లేకపోయింది. "సరేలే నాన్నా, చూస్తాను" అన్నాను. బస్టాండుకు తీసుకెళ్ళి, సోడా తాగించి, గుంటూరు బస్సు వచ్చేదాకా ఒక పావుగంట పక్కనే కూర్చున్నాను. మిరపతోటలకు తెగులు పట్టిందట, పత్తి ఎలా ఉంది మీవైపు అని ఆయన అడుగుతుంటే జవాబులు చెప్పాను. మరుసటేడు వానాకాలంలో పోయాడు. నా వల్లే వాడి చదువు ఆగిపోయిందని వీధిలో అందరితో చెప్పుకునేవాడని, దినం అయ్యాక అమ్మ చెప్పింది.

ఇప్పుడు కాలం చాలా మారిందండీ. వేడి తగ్గించడానికి కంప్యూటరుంది, కరెంటు పోయినా ఆగని ఏర్పాట్లున్నాయి, దారం కూడా కడిగి, పరీక్షించి, పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు. మా వీధిలో పడుగు చాచి గంజి పెట్టేవాళ్ళు లేరు, మగ్గం గుంటలు పూడ్చి పైన గచ్చు చేసుకున్నారు. డాక్టరేట్లంటారా, వీధికి ఇద్దరు, గైడు కోపం వస్తే మార్చుకోవచ్చు, ఫిర్యాదు చేయవచ్చు. ఆ రోజుల్లో మాకు అలాంటి దారి ఒకటి ఉందని కూడా తెలియదు. ఈ తరం పిల్లలు అదృష్టవంతులని నేను నిజంగానే అనుకుంటాను. అయితే ఎంత మారినా కొన్నిటికి ఫిర్యాదు చేసే చోటు ఉండదు. గైడుగారిని తిట్టుకోవడానికి నాకు నలభై ఏళ్ళు తీరిక దొరికింది. నాన్నకు చెప్పాల్సిన ఆ ఒక్క మాటకు, సత్తెనపల్లి బస్టాండులో ఆయన పక్కన కూర్చున్న పావుగంట చాలలేదు.